శ్రీలంక బడ్జెట్ ట్రిప్: క్యాండీ, ఎల్లా కాదు.. జాఫ్నా, ట్రింకోమలీ వైపు వెళ్లండి.. 8 రోజుల ప్లాన్, ఖర్చు లెక్క ఇదే

విదేశీ టూర్ అనగానే చాలామంది ముందు చూసేది జేబు వైపే. అందుకే మనకు దగ్గర్లో, తక్కువ ఖర్చులో అయిపోయే దేశం అంటే శ్రీలంక గుర్తొస్తుంది. అయితే ప్యాకేజీ తీసుకుంటే దాదాపు అందరిదీ ఒకటే రూట్. కొలంబో, క్యాండీ, నువరెలియా, ఎల్లా, గాలె.. ఫొటోలు కూడా ఒకేలా ఉంటాయి. సీజన్‌లో అక్కడ రూమ్ రేట్లు, టికెట్ రేట్లు రెండూ ఎక్కువే. సిగిరియా కొండ ఎక్కడానికి విదేశీయుల టికెట్ 35 డాలర్లు.

మరి అదే దేశంలో జనం తక్కువగా వెళ్లే వైపు ఒకటుంది. అదే ఉత్తరం, తూర్పు తీరం. 1983 నుంచి 2009 వరకు సాగిన అంతర్యుద్ధం వల్ల ఈ ప్రాంతాలు పర్యాటకుల మ్యాప్‌లోనే లేకుండా పోయాయి. ఇప్పుడు రోడ్లున్నాయి, బస్సులున్నాయి, హోమ్‌స్టేలున్నాయి. జనం మాత్రం ఇంకా పలచగానే ఉంటారు. ఎలా వెళ్లాలి? ఎప్పుడు వెళ్లాలి? ఎంత అవుతుంది? పూర్తి వివరాలు చూద్దాం.

ముందు నెల చూసుకోండి.. ఆ తర్వాతే టికెట్

శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. అంత చిన్న దేశంలోనూ వాతావరణం రెండు రకాలు. మే నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాలతో కొలంబో, గాలె వైపు వానలు పడతాయి. అదే టైమ్‌లో ట్రింకోమలీ, బట్టికలోవా వైపు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. అక్టోబర్ చివరి నుంచి జనవరి దాకా సీన్ రివర్స్. ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్ల దెబ్బ ఉత్తర, తూర్పు తీరాలకే తగులుతుంది.

కాబట్టి ఈ రూట్‌కు మే నుంచి సెప్టెంబర్ మధ్య బెస్ట్ టైమ్. డిసెంబర్ సెలవుల్లో టికెట్ చవగ్గా దొరికిందని బుక్ చేసేస్తే పడవలు ఆగిపోయి రూమ్‌లోనే కూర్చోవాల్సి రావచ్చు. 2025 నవంబర్ చివర్లో వచ్చిన దిత్వా తుఫాను ఆ దేశాన్ని ఎంతలా కుదిపేసిందో చూశాం. వరదలు, కొండచరియలతో వందల మంది చనిపోయారు. రైలు పట్టాలు, రోడ్లు దెబ్బతిన్నాయి. అందుకే రైలు ప్రయాణం ప్లాన్‌లో పెట్టుకునేవాళ్లు ఆ రైలు ఇప్పుడు నడుస్తోందో లేదో శ్రీలంక రైల్వే వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకున్నాకే రూమ్‌లు బుక్ చేయడం మంచిది.

ఇంకో చిన్న విషయం. శ్రీలంకలో ప్రతి పౌర్ణమి ప్రభుత్వ సెలవు. దాన్ని పోయా డే అంటారు. ఆ రోజు మద్యం అమ్మకాలు బంద్. పౌర్ణమి వీకెండ్ పక్కన పడితే రైళ్లు, బస్సులు కిక్కిరిసిపోతాయి. దూర ప్రయాణాలు ఆ రోజుల్లో పెట్టుకోకండి.

వీసా.. ఇక్కడే మోసపోయేది

భారతీయులు వెళ్లేముందు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. ఫీజు, రూల్స్ ఈ రెండు మూడేళ్లలో చాలాసార్లు మారాయి. పాత యూట్యూబ్ వీడియో చూసి లెక్కేసుకోవద్దు. అప్లై చేసే రోజున అధికారిక వెబ్‌సైట్‌లో ఏముందో అదే ఫైనల్.

సెర్చ్ చేయగానే పైన కనిపించే వెబ్‌సైట్లన్నీ ప్రభుత్వానివి కావు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి కానీ అసలు ఫీజుకు రెండు మూడు రెట్లు గుంజుతాయి. పాస్‌పోర్ట్ వివరాలు కూడా వాళ్ల చేతిలో పడతాయి. గుర్తు ఒక్కటే. అడ్రస్ చివర్లో ‘జీవోవీ డాట్ ఎల్‌కే’ ఉండాలి. లేకపోతే వెంటనే బయటకు వచ్చేయండి. పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు, రిటర్న్ టికెట్, మొదటి రాత్రి బస వివరాలు దగ్గర పెట్టుకోండి.

ఒకవైపు నుంచి వెళ్లి, ఇంకోవైపు నుంచి రండి

డబ్బు, టైమ్ రెండూ ఆదా అయ్యే ట్రిక్ ఇదే. హైదరాబాద్ నుంచి కొలంబోకు నేరుగా విమానాలున్నాయి. కానీ కొలంబోలో దిగి జాఫ్నా వెళ్లాలంటే మరో 400 కిలోమీటర్లు. మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. దాని బదులు చెన్నై నుంచి జాఫ్నాకు చిన్న విమానంలో వెళ్లి, తిరుగు ప్రయాణం కొలంబో నుంచి హైదరాబాద్‌కు పెట్టుకుంటే ఒకే దారిలో రెండుసార్లు తిరిగే పని ఉండదు. జాఫ్నా దగ్గరి పలాలి విమానాశ్రయం 2019 అక్టోబర్‌లో అంతర్జాతీయ విమానాశ్రయంగా మొదలైంది. విజయవాడ, తిరుపతి, నెల్లూరు వాళ్లకు చెన్నై ఎలాగూ దగ్గరే.

సముద్రం మీద వెళ్లాలనుకుంటే తమిళనాడులోని నాగపట్టణం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేసన్‌తురైకి ఫెర్రీ ఉంది. 2023 అక్టోబర్‌లో ప్రారంభమైంది. ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. కాకపోతే వాతావరణం బాగోకపోతే సర్వీస్ ఆపేస్తారు. ఫెర్రీ దిగిన రోజే ఇంకో ముఖ్యమైన బుకింగ్ పెట్టుకోవద్దు.

8 రోజుల ప్లాన్ ఇలా..

1వ రోజు: చెన్నై నుంచి జాఫ్నా. తమిళంలో ఈ ఊరి పేరు యాళ్పాణం. సాయంత్రం నల్లూరు కందస్వామి ఆలయం చూడొచ్చు. మగవాళ్లు చొక్కా విప్పి లోపలికి వెళ్లాలి. జూలై, ఆగస్టులో ఇక్కడ 25 రోజుల ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో రూమ్‌లు దొరకడం కష్టం, రేట్లూ పెరుగుతాయి.

2వ రోజు: పోర్చుగీసువారు కట్టి, తర్వాత డచ్‌వారు పెంచిన జాఫ్నా కోట, పబ్లిక్ లైబ్రరీ. 1981లో ఈ లైబ్రరీని తగలబెట్టారు. వేలకొద్దీ పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. మళ్లీ కట్టిన తెల్లటి భవనమే ఇప్పుడు మనం చూసేది. అందులో పిల్లలు కూర్చుని చదువుకుంటుంటారు. సెల్ఫీ స్పాట్ అనుకుని గోల చేయకండి.

3వ రోజు: డెల్ఫ్ట్ దీవి. స్థానికుల మాటలో నెడుందీవు. జాఫ్నా బస్టాండ్ నుంచి పొద్దున్నే కురికట్టువాన్ రేవుకు బస్సు, అక్కడి నుంచి గంటకు పైగా పడవ. పగడపు రాళ్లతో పేర్చిన గోడలు, వలస పాలకులు వదిలేసిన గుర్రాల సంతతి, లావాటి బావోబాబ్ చెట్టు ఇక్కడి ప్రత్యేకతలు. ఒక్క జాగ్రత్త. రోజుకు పడవలు చాలా తక్కువ. తిరిగొచ్చే పడవ ఎన్ని గంటలకో దిగగానే అడిగి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మిస్సయితే రాత్రికి దీవిలోనే ఉండిపోవాలి. అంత రిస్క్ వద్దనుకుంటే అదే రేవు నుంచి దగ్గర్లోని నయినతీవుకు వెళ్లొచ్చు. అక్కడ నాగపూషణి అమ్మవారి గుడి, నాగదీప బౌద్ధ విహారం రెండూ ఉన్నాయి.

4వ రోజు: బస్సులో ట్రింకోమలీ. ఆరేడు గంటలు పడుతుందని లెక్కేసుకోండి. నేరుగా వెళ్లే బస్సులు తక్కువ. ముందురోజు సాయంత్రమే బస్టాండ్‌కి వెళ్లి టైమ్ కనుక్కోవాలి.

5వ రోజు: సముద్రం పక్కన కొండ అంచున ఉండే కోణేశ్వర ఆలయం. మనవాళ్లు అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా చెప్పుకునే శాంకరీ దేవి క్షేత్రం ఇక్కడిదే అని నమ్ముతారు. పాత గుడిని 1620ల్లో పోర్చుగీసువారు కూల్చేశారు. కన్నియ వేడినీటి బావులు, ఉప్పువేలి, నిలావేలి బీచ్‌లు కూడా దగ్గరే. పిజియన్ ఐలాండ్‌లో పగడాలు చూడాలంటే పార్క్ టికెట్, పడవ ఖర్చు రెండూ ఉంటాయి. పడవ అద్దె పంచుకుంటే భారం తగ్గుతుంది. పగడాల మీద కాలు పెట్టొద్దు. ఒకసారి విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

6వ రోజు: బస్సులో బట్టికలోవా. దారిలో పాసికుడా బీచ్ వస్తుంది. ఒడ్డు నుంచి చాలా దూరం వరకు లోతు తక్కువ. ఈత రానివాళ్లకు, పిల్లలకు కాస్త నయం.

7వ రోజు: బట్టికలోవా ఉప్పునీటి సరస్సు, డచ్ కోట, కల్లడి వంతెన. వెన్నెల రాత్రుల్లో నీళ్లలోంచి సన్నటి శబ్దాలు వినిపిస్తాయని, ‘పాడే చేపలు’ అని ఇక్కడివాళ్లు చెబుతారు. రాత్రి బస్సులో కొలంబో బయల్దేరితే ఒక రాత్రి రూమ్ అద్దె మిగులుతుంది.

8వ రోజు: కొలంబో, ఫ్లైట్. ఎయిర్‌పోర్ట్ సిటీకి 30 కిలోమీటర్లకు పైగా దూరం. ట్రాఫిక్ చూసుకుని ముందే బయల్దేరండి.

ఎంత అవుతుంది? ఇదిగో లెక్క

మన ఒక్క రూపాయికి శ్రీలంక రూపాయలు దాదాపు మూడున్నర వస్తాయి. ఇద్దరు కలిసి వెళ్తున్నారు, సాధారణ గెస్ట్‌హౌస్‌లో ఉంటారు, బస్సుల్లో తిరుగుతారు అనుకుందాం. ఒక్కొక్కరికి శ్రీలంక రూపాయల్లో ఇలా పెట్టుకోవచ్చు.

రూమ్: రోజుకు వాటా 3 వేలు, ఆరు రాత్రులకు 18 వేలు.
భోజనం: రోజుకు 2 వేలు, ఎనిమిది రోజులకు 16 వేలు.
బస్సులు, ఆటోలు: రోజుకు 1,500 చొప్పున 12 వేలు.
పడవలు, టికెట్లు, సిమ్ కార్డ్: 8 వేలు.

మొత్తం 54 వేలు. అనుకోని ఖర్చులకు 15 శాతం కలిపితే 62,100. మన డబ్బుల్లో సుమారు 18 వేలు. ఫ్లైట్, వీసా, ఇన్సూరెన్స్ వేరే. ఆ 15 శాతం ఎక్స్‌ట్రా అని తీసేయొద్దు. పడవ మిస్సయినా, బస్సు రాకపోయినా ఆదుకునేది అదే.

పర్యాటక కేంద్రాల్లో సార్క్ దేశాల వాళ్లకు చాలాచోట్ల తక్కువ రేటు టికెట్ ఉంటుంది. కౌంటర్‌లో అడిగి తీసుకోవాలి, పాస్‌పోర్ట్ చూపించాలి. 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో యూపీఐ కూడా పనిచేస్తోంది. అయితే చిన్న ఊళ్లు, దీవుల్లో క్యాషే దిక్కు. జాఫ్నా, ట్రింకోమలీ ఏటీఎంలలోనే డ్రా చేసి పెట్టుకోండి. కొలంబోతో పాటు కొన్ని పట్టణాల్లో పిక్‌మీ యాప్‌లో ఆటో దొరుకుతుంది. యాప్ లేనిచోట ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.

ఏం తినాలి? శాకాహారులు ఇది అడగాల్సిందే

ఉత్తరంలో తాటిచెట్లు చూస్తే గోదావరి జిల్లాలు, ఉత్తరాంధ్ర గుర్తొస్తాయి. మనం కాల్చుకుని, ఉడకబెట్టుకుని తినే తేగలను అక్కడ ఎండబెట్టి పిండి చేస్తారు. ఆ పిండితో, చేపలు, పీతలు వేసి కాచేదే ‘ఒడియల్ కూళ్’. ఇడియాప్పం, జాఫ్నా పీతల కూర, కొత్తు పరోటా కూడా ట్రై చేయొచ్చు. మధ్యాహ్నం రైస్ అండ్ కర్రీ తింటే తక్కువ డబ్బులో కడుపు నిండుతుంది.

శాకాహారులు మాత్రం జాగ్రత్త. చూడ్డానికి కొబ్బరి పచ్చడిలా ఉండే సంబల్‌లో, కొన్నిచోట్ల పప్పులో కూడా ఎండు చేప పొడి వేస్తారు. ‘మాసి’ వేశారా అని అడగండి. గుళ్ల పక్కన ఉండే శైవ భోజనశాలల్లో అయితే ఆ బెంగ ఉండదు.

అక్కడా తెలుగు మాటే!

శ్రీలంకలో అహికుంటిక అనే చిన్న సముదాయం ఉంది. పాములు ఆడించడం, సోది చెప్పడం వాళ్ల పాత వృత్తులు. వాళ్ల ఇంటి భాష తెలుగులోని ఒక మాండలికం. అనురాధపురం జిల్లాలోని కుడాగమ, తూర్పున అక్కరైపట్టు దగ్గరి అలిగంబై వాళ్ల ఊళ్లలో కొన్ని. పిల్లలు బడిలో సింహళం, తమిళంలో చదువుతుండటంతో ఇంట్లో తెలుగు తగ్గిపోతోంది. ఎవరైనా కలిస్తే ‘బాగున్నారా’ అని పలకరించండి. అంతేగానీ కెమెరా ఆన్ చేసి ఇళ్లలోకి వెళ్లిపోవడం పద్ధతి కాదు.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

- ఉత్తరంలో మందుపాతరల తొలగింపు ఇంకా పూర్తి కాలేదు. ఎర్ర హెచ్చరిక బోర్డు కనిపిస్తే అటు అడుగు వేయొద్దు. ఎప్పుడూ వాడుకలో ఉన్న దారిలోనే నడవండి.
- సైనిక శిబిరాల ఫొటోలు తీయొద్దు. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయొద్దు.
- బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగితే అవమానంగా భావిస్తారు.
- స్కూటర్ అద్దెకు తీసుకుంటే మన లైసెన్స్ ఒక్కటే చాలదు, అక్కడి అనుమతి పత్రం కావాలి. అది లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాకపోవచ్చు.
- డెంగీ ఉంటుంది. దోమల క్రీమ్ బ్యాగ్‌లో పెట్టుకోండి.
- అంబులెన్స్ 1990, పోలీస్ 119, టూరిస్ట్ పోలీస్ 1912. ఈ మూడు నంబర్లు సేవ్ చేసుకోండి.

చివరిగా ఒక మాట. 2022 ఆర్థిక సంక్షోభం, తర్వాత తుఫాను.. ఈ దెబ్బల నుంచి అక్కడి కుటుంబాలు ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాయి. ప్యాకేజీ డబ్బులో పెద్ద వాటా పెద్ద హోటళ్లకే పోతుంది. హోమ్‌స్టేలో ఇచ్చే అద్దె, పడవ మనిషికి ఇచ్చే కూలి నేరుగా ఆ ఇంటికే చేరుతుంది. బేరం ఆడండి, తప్పులేదు. కానీ వంద రూపాయల దగ్గర పట్టుబట్టేముందు, అది మన లెక్కలో ముప్పై రూపాయలని గుర్తు పెట్టుకోండి.