నర్సింగ్ చదువు: తక్కువ ఖర్చుతో ఏ దారి? ఫీజుతో పాటు చూడాల్సినవేంటి?

ఇంటర్ ఫలితాలు రాగానే నర్సింగ్ సీట్ల కోసం ఏజెంట్ల ఫోన్లు మొదలవుతాయి. బెంగళూరులో సీటు, హాస్టల్‌తో కలిపి ఏడాదికి ఇంత అని ఒక అంకె చెబుతారు. అది తక్కువగా కనిపిస్తే చాలా కుటుంబాలు అక్కడే నిర్ణయం తీసుకుంటాయి. కానీ ఏ నర్సింగ్ కోర్సు చవక, ఏది ఖరీదు అన్నది చదువు పూర్తయ్యాకే తేలుతుంది. ఆ సర్టిఫికెట్‌తో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదవుతుందా? ప్రభుత్వ పోస్టుకు దరఖాస్తు చేసుకోవచ్చా? మొదటి జీతంతో అప్పు కట్టగలరా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా ఫీజు అంకెను మాత్రమే పోల్చితే లెక్క తప్పుతుంది.

మూడు కోర్సులు, మూడు గమ్యాలు

ఇంటర్ తర్వాత నర్సింగ్‌లోకి ప్రధానంగా మూడు దారులున్నాయి. ఏఎన్‌ఎం రెండేళ్ల కోర్సు. ఏ గ్రూపుతో ఇంటర్ చదివినా చేరవచ్చు. ఉపకేంద్రాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయి ఉద్యోగాలకు ఇది పనికొస్తుంది. ఆస్పత్రిలో నర్సింగ్ ఆఫీసర్ కావడానికి ఇది చాలదు.

జీఎన్‌ఎం మూడేళ్ల డిప్లొమా. దీనికి బైపీసీయే చదివి ఉండాలన్న నిబంధన లేదు. ఇంటర్‌లో 40 శాతం, ఇంగ్లిష్‌లో 40 శాతం మార్కులు ఉంటే సీఈసీ, హెచ్‌ఈసీ విద్యార్థులకూ అర్హత ఉంటుంది.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలో కలిపి కనీసం 45 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఉంది. తెలుగు రాష్ట్రాల్లో కన్వీనర్ కోటా సీట్ల భర్తీకి ఇటీవలి ఏళ్లలో ఈఏపీసెట్ ర్యాంకును ఆధారంగా తీసుకుంటున్నారు. కాబట్టి ఇంజినీరింగ్, అగ్రికల్చర్ ఆలోచన లేని బైపీసీ విద్యార్థులు కూడా ఆ పరీక్ష రాయడం మంచిది.

ముందుగా ప్రయత్నించాల్సినవి

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో చదువు పూర్తయ్యేది ప్రభుత్వ సీటులోనే. ఎయిమ్స్ సంస్థలు బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్‌కు ఉమ్మడి ప్రవేశ పరీక్ష నిర్వహిస్తాయి. ట్యూషన్ ఫీజు నామమాత్రం. సైన్స్ సబ్జెక్టులు, ఇంగ్లిష్ కలిపి జనరల్, ఓబీసీ విద్యార్థులకు 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులు ఉండాలి. హైదరాబాద్‌లోని నిమ్స్, సోమాజిగూడ ప్రభుత్వ నర్సింగ్ కళాశాల, తిరుపతిలోని స్విమ్స్ కూడా పరిశీలించదగినవే.

అమ్మాయిలకు మరో దారి సైనిక నర్సింగ్ సర్వీసు. పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరుల్లోని ఆరు సాయుధ దళాల కళాశాలల్లో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ఉంది. నీట్ యూజీ రాసి ఉండాలి. శిక్షణ ఉచితం, స్టైపెండ్ కూడా ఇస్తారు. ప్రతిగా చదువయ్యాక సైనిక నర్సింగ్ సర్వీసులో పనిచేస్తామని ఒప్పంద పత్రం రాయాలి. వైద్య సీటు కోసమే నీట్ రాసేవారిలో చాలామంది ఈ అవకాశాన్ని గమనించరు.

ప్రభుత్వ నర్సింగ్ కళాశాలల్లో కొన్ని మహిళలకు మాత్రమే పరిమితం. అబ్బాయిలు దరఖాస్తుకు ముందే ఈ విషయం చూసుకోవాలి.

ప్రైవేటులో చేరితే

ప్రైవేటు కళాశాలలో ఒకే తరగతి గదిలో కూర్చున్న ఇద్దరి ఖర్చు ఒకేలా ఉండదు. కన్వీనర్ కోటాలో వచ్చిన అర్హులకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి అది వర్తించదు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు దాటకూడదు. అందులోనూ మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు చోటు లేదు. మరో రాష్ట్రంలో చేరేవారు తమకు స్కాలర్‌షిప్ వస్తుందో లేదో అడ్మిషన్‌కు ముందే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఏజెంటు మాటను నమ్ముకోకూడదు.

రీయింబర్స్‌మెంట్ ఉన్నా చేతిలో కొంత డబ్బు ఉండాలి. రెండు రాష్ట్రాల్లోనూ బకాయిలు పేరుకుపోవడం ఏటా వినే మాటే. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైనప్పుడు ఆ భారం విద్యార్థి మీద పడే ప్రమాదం ఉంది. హాస్టల్, మెస్, యూనిఫాం, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ఆస్పత్రికి రవాణా ఖర్చులను విడిగా అడిగి రాయించుకుంటే నాలుగేళ్ల అసలు మొత్తం బయటపడుతుంది.

జీఎన్‌ఎంతో మెట్టు మెట్టుగా

బీఎస్సీ కన్వీనర్ సీటు రాలేదని లక్షలు పోసి మేనేజ్‌మెంట్ సీటు కొనడం ఒక్కటే మార్గం కాదు. ప్రభుత్వ స్కూలులో జీఎన్‌ఎం చేసి, రిజిస్ట్రేషన్ తీసుకుని, ఉద్యోగంలో చేరి, ఆ తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయవచ్చు. ఉద్యోగంలో ఉన్న రిజిస్టర్డ్ నర్సుల కోసం ఇగ్నో కూడా ప్రవేశ పరీక్ష ద్వారా మూడేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నిర్వహిస్తోంది.

ఈ దారిలో డబ్బు మిగులుతుంది, కాలం పోతుంది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి జరిగే నార్‌సెట్‌నే చూడండి. బీఎస్సీ పూర్తిచేసి రిజిస్టర్ అయినవారు నేరుగా రాయవచ్చు. జీఎన్‌ఎం వారికి మాత్రం కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. కాబట్టి జీఎన్‌ఎం తర్వాత మొదటి ఉద్యోగాన్ని చిన్న క్లినిక్‌లో కాకుండా 50 పడకలు దాటిన ఆస్పత్రిలో వెతుక్కోవాలి. అనుభవ ధ్రువపత్రం భద్రపరచుకోవాలి. ఆ పోస్టులకు మూలవేతనం రూ.44,900. అయితే వాటిలో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు కేటాయించడం వల్ల అబ్బాయిలకు పోటీ ఎక్కువ.

అప్పు, జీతం లెక్క

ప్రైవేటు ఆస్పత్రుల జీతాలు ఈ స్థాయిలో ఉండవు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించిన మీదట కేంద్రం నియమించిన కమిటీ, 50 పడకల లోపు ఆస్పత్రుల్లోనూ నర్సులకు నెలకు రూ.20 వేలకు తగ్గకుండా ఇవ్వాలని సిఫారసు చేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. దాని అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. కొత్తగా చేరేవారికి ఆ మొత్తం కూడా ఇవ్వని ఆస్పత్రులు చాలా ఉన్నాయి.

రూ.4 లక్షల వరకు విద్యా రుణానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడగవు. అయితే 10 శాతం వడ్డీతో రూ.4 లక్షలను ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.6,640 కట్టాలి. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. జీతం రూ.20 వేలు వచ్చినా అందులో మూడో వంతు వాయిదాకే పోతుంది. విదేశీ ఉద్యోగం వస్తే అన్నీ తీరుతాయన్న ధీమాతో అప్పు పెంచుకోవడం ప్రమాదం. జర్మనీకి జర్మన్ భాష, బ్రిటన్‌కు ఇంగ్లిష్ పరీక్ష, అమెరికాకు ఎన్‌సీఎల్‌ఈఎక్స్ గట్టెక్కాలి. ఆ సన్నద్ధతకూ డబ్బు, కాలం కావాలి.

చేరేముందు చూడాల్సినవి

భారత నర్సింగ్ కౌన్సిల్ జాబితాలోనూ, ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాలోనూ కళాశాల పేరు, కోర్సు పేరు, సీట్ల సంఖ్య ఉన్నాయో లేదో ఆ విద్యా సంవత్సరానికే చూడాలి. పాత ధ్రువపత్రం చూపితే సరిపోదు. కర్ణాటకలో చదివితే ముందు అక్కడి కౌన్సిల్‌లో నమోదై, తర్వాత ఏపీ లేదా తెలంగాణ కౌన్సిల్‌కు మార్చుకోవాల్సి ఉంటుంది.

రెండోది ఆస్పత్రి. కళాశాలకు సొంత ఆస్పత్రి ఉందా, పడకల్లో నిజంగా రోగులు ఉన్నారా అన్నది ఒక పూట వెళ్లి చూస్తే తెలుస్తుంది. ఇంజెక్షన్ ఇవ్వడం, ప్రసవం చేయించడం, ఐసీయూలో రోగిని కనిపెట్టుకోవడం ఖాళీ వార్డులో రావు. అలాంటిచోట చదివినవారు ఉద్యోగంలో చేరాక మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

మూడోది ఒరిజినల్ సర్టిఫికెట్లు. వర్సిటీలు, వాటి అనుబంధ కళాశాలలు వాటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలి. సర్టిఫికెట్లు ఇచ్చేసి, ఏజెంటుకు అడ్వాన్సు కట్టాక మంచి సీటు వచ్చినా విద్యార్థి కదల్లేడు. అందుకే ప్రభుత్వ, కన్వీనర్ కౌన్సెలింగ్ చివరి విడత ముగిసేదాకా ఎక్కడా డబ్బు కట్టకుండా ఆగడం మేలు.