ఎవరి పని, ఎవరి చదువు: మైపాడు ఒడ్డున వందేళ్ల ప్రశ్న

మైపాడు అంటే నెల్లూరు వాళ్లకి ఆదివారం బీచి. పాతికేసి కిలోమీటర్లు బండి మీద వెళ్లి, కాళ్లు తడుపుకుని, చీకటి పడేలోగా తిరిగొచ్చేసే చోటు. అదే తెల్లారగట్ల వెళ్తే ఇంకో మైపాడు కనిపిస్తుంది. వల లాగుతున్న పెద్దవాళ్ల పక్కనే పిల్లలుంటారు. చేపల్ని రకాలుగా ఏరతారు, చిరిగిన వలకన్ను ఎక్కడుందో చూపిస్తారు, గాలి మారితే నీటి వాటం ఎలా మారుతుందో వింటుంటారు. పాఠమంటూ ఎవరూ చెప్పరు. నేర్చుకోవడం మాత్రం జరిగిపోతుంది.

దీన్నే ఇవాళ కాలేజీ భాషలో ‘వర్క్ బేస్డ్ లెర్నింగ్’ అంటున్నాం. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్‌ తప్పనిసరి అంది. పని చేస్తూ నేర్చుకుంటేనే ఉద్యోగానికి పనికొస్తారన్నది లెక్క. వినడానికి కొత్తగా ఉంటుంది గానీ, ఈ ఆలోచనకి మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే వందేళ్ల చరిత్ర ఉంది.

1921 ఏప్రిల్ 7న పెన్నా ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నిలబెట్టారు. పొణకా కనకమ్మ స్థలమిచ్చారు. రాట్నం, ఖద్దరు, హిందీ, అస్పృశ్యతా నివారణ అక్కడి దినచర్య. చదువుకున్నవాడు చేత్తో పని చెయ్యడం నామోషీ కాదని చూపించడమే అందులోని అసలు పాఠం. రెండేళ్లకి కనకమ్మ నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు.

ఆ పాఠానికి పూర్తి రూపం 1937లో వచ్చింది. అక్టోబరులో వార్ధాలో జరిగిన సమావేశం తర్వాత జాకిర్ హుస్సేన్ కమిటీ ‘నయీ తాలీమ్’ ప్రణాళిక రాసింది. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య. రోజులో మూడు గంటల ఇరవై నిమిషాలు ఒక చేతివృత్తికి. నూలు వడకడం చదువుకి అదనంగా తగిలించిన పీరియడ్ కాదు, చదువే దాని గుండా నడవాలి. పోగులు లెక్కపెడితే గణితం, పత్తి ఎక్కడ పండుతుందంటే భూగోళం. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కదురు ఏ పిల్లాడి చేతిలోనైనా తిరగాలి. వాడి తండ్రి ఎవరన్నది ప్రశ్న కాదు.

1953కి వచ్చేసరికి అదే ప్రశ్న అయి కూర్చుంది. అప్పటికి నెల్లూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది అక్టోబరు 1న. ఆ జూన్‌లో ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో కొత్త పథకం పెట్టారు. బడి రోజుకు మూడు గంటలే, అదీ రెండు షిఫ్టుల్లో. మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలి. ఆయన వాదనా తీసిపారేసేది కాదు. డబ్బు లేదు, బళ్లు చాలవు. ఉన్న టీచర్లతోనే రెట్టింపు మందికి చదువు చెప్పొచ్చు.

కానీ ఈ లెక్కని మైపాడు లాంటి ఊళ్లో పెట్టి చూడండి. పట్టపువాళ్ల పిల్లాడు బడి వదలగానే వల దగ్గరికి వెళ్తాడు. పుస్తకాలున్న ఇంటి పిల్లాడు ఇంటికెళ్లి పుస్తకం ముందే కూచుంటాడు. టైమ్‌టేబుల్ ఇద్దరికీ ఒకటే, మిగిలిన సగం రోజు మాత్రం వేరు. అందుకే పెరియార్, ద్రవిడ పార్టీలు దాన్ని కులవృత్తి విద్య అని తిట్టిపోశాయి. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక మద్రాసులో ఆ పథకాన్ని ఎత్తేశారు.

రెండు ప్రయోగాల్లోనూ మాట ఒకటే, పనిలోంచి చదువు అని. పల్లిపాడు మనిషిని తన పుట్టుకకి సంబంధం లేని పని దగ్గరికి తీసుకెళ్లింది. రాజాజీ పథకం పిల్లాణ్ణి పుట్టిన చోటికే తిప్పి పంపింది.

ఇంటి పని ఒక్కటే నేర్చుకుంటే ఎక్కడ ఆగిపోతామో కూడా ఈ తీరమే చూపించింది. తొంభైల్లో నెల్లూరు రొయ్యల చెరువులతో నిండిపోయింది. 1994 తర్వాత తెల్లమచ్చల వైరస్ వాటిని దెబ్బకొట్టింది. పిల్ల రొయ్యలో ఆ వైరస్ ఉందో లేదో కంటితో తేలదు, ల్యాబులో పరీక్ష చెయ్యాలి. ఎంత అనుభవమున్న చేతికైనా అక్కడ సైన్సు కావాల్సిందే. ముత్తుకూరులో 1991లో మొదలైన మత్స్య కళాశాల ఆ లోటు తీర్చే చోటు. నాలుగేళ్ల డిగ్రీలో చివరి ఏడాది విద్యార్థులు ఊళ్లలో, హేచరీల్లో పని నేర్చుకుంటారు. ల్యాబు చదువు చెరువుగట్టుకి వెళ్తుంది, బాగుంది. మరి ఒడ్డున వల లాగే పిల్లాడు అటునుంచి ల్యాబుకి వెళ్లగలుగుతున్నాడా?

పని చేసి నేర్చుకున్నది కూడా చదువేనని ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో, అప్పటికే పని వచ్చినవాళ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటుంది. మంచిదే. అయితే ఆ కాగితం వాడి తర్వాతి చదువుకి మెట్టు కావాలి. ఉన్న పనిలోనే ఉండిపొమ్మని వేసే ముద్ర అయితే 1953కీ దీనికీ తేడా ఏముంది?

మన రెజ్యూమెల్లో ఇంటర్న్‌షిప్ ఒక లైను. దాన్ని మనం ఎంచుకున్నాం, నచ్చకపోతే మానేస్తాం. అదే పని పొద్దున్నే మైపాడు ఒడ్డున పదేళ్ల పిల్లాడు చేస్తుంటే దానికి ఏ పేరూ లేదు, మానేసే వీలూ లేదు. పనితో చదువు చెప్పాలా వద్దా అన్నది పల్లిపాడులో వందేళ్ల కిందటే తేలిపోయింది. పనిని ఎంచుకునేది ఎవరన్నదే ఇంకా తేలలేదు. ఈసారి ఆదివారం మైపాడు వెళ్తే, కాస్త తెల్లారగట్లే వెళ్లండి.