తోషాఖానా: వచ్చిన గిఫ్ట్‌ని ఇంకొకరికి ఇచ్చేయడం తప్పా?

ఇవాళ్టి టాపిక్ మన అందరి ఇళ్లలో బీరువా పై అరలో ఉంది. పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు, గృహప్రవేశానికి వచ్చిన మూడో గోడ గడియారం, అట్టపెట్టె కూడా విప్పని డిన్నర్ సెట్. మనం వాడం, ఇంకొకరింటికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్తాం. కాకపోతే ఎవరిచ్చారో గుర్తుపెట్టుకుని, తిరిగి వాళ్లింటికే చేరకుండా చూస్తాం. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించి ఇస్తారు చూశారా, దాని వెనక ప్రేమతో పాటు ఈ అనుమానం కూడా ఉందని నాకనిపిస్తుంది. పేరు కొట్టిన గిన్నె ఇంకో పెళ్లికి వెళ్లదు కదా.

సరిగ్గా ఇదే పనిని ఒక ప్రభుత్వం రూల్స్ పెట్టుకుని, రిజిస్టర్ రాసుకుని చేసింది. ఆ ఏర్పాటు పేరు తోషాఖానా.

ముందు మొఘల్ దర్బారు సంగతి చూద్దాం. అక్కడ గిఫ్ట్ అంటే వస్తువు మాత్రమే కాదు. కిందివాడు పైవాడికి బంగారు నాణేలు సమర్పిస్తే అది నజర్. పైవాడు కిందివాడికి బట్టలు పెడితే అది ఖిలత్. అసలు సంప్రదాయంలో రాజు తను కట్టుకున్న బట్టనో, కనీసం తన చెయ్యి తగిలిన బట్టనో ఇచ్చేవాడు. అది తొడుక్కోవడమంటే "నేను నీ మనిషిని" అని నలుగురి ముందు ఒప్పుకోవడం. ఇలాంటి బట్టను వేరేవాళ్లకి ఇచ్చేస్తే ఏమనుకుంటారో ఊహించుకోండి.

ఈ ప్రపంచంలోకి ఈస్టిండియా కంపెనీ వచ్చింది. 1757లో ప్లాసీ తర్వాత మీర్ జాఫర్ నుంచి రాబర్ట్ క్లైవ్‌కి ముట్టింది దాదాపు 2,34,000 పౌండ్లు. ఆ పైన జాగీరు. అప్పట్లో దాన్ని కూడా "కానుక" అనే పిలిచారు! లండన్‌లో గొడవైంది, విచారణ జరిగింది. 1773 రెగ్యులేటింగ్ చట్టం కంపెనీ అధికారులు కానుకలు తీసుకోకూడదని చెప్పింది.

చట్టం బాగానే ఉంది. కానీ దర్బారుకి వెళ్లిన రెసిడెంట్‌కి నవాబు శాలువా కప్పితే "వద్దండీ, మా రూల్ ఒప్పుకోదు" అనగలడా? అంటే అది పెద్ద అవమానం. యుద్ధం రాకపోయినా సంబంధం చెడిపోతుంది. తీసుకుంటే అవినీతి, తీసుకోకపోతే అమర్యాద.

దీనికి కంపెనీ పట్టుకున్న దారి తోషాఖానా. పేరు పాతదే, పర్షియన్ మాట, రాజుల ఇళ్లలో విలువైన బట్టలు, సామాన్లు దాచే కొట్టు. పద్ధతి మాత్రం మారింది. అధికారి నలుగురి ముందు మర్యాదగా తీసుకుంటాడు, బయటికొచ్చాక ఆ వస్తువు కంపెనీ కొట్టులోకి పోతుంది. దానికి వెలకట్టి పుస్తకంలో రాస్తారు. కొన్ని వేలం వేస్తారు. మిగతావి ఇంకో రాజు దర్బారుకి వెళ్లినప్పుడు ఎదురు కానుకగా పనికొస్తాయి. ఒక నవాబు శాలువా ఇంకో రాజా భుజం మీదికి! మా ఐటీ భాషలో చెప్పాలంటే పక్కా ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్.

1838లో గవర్నర్ జనరల్ ఆక్లండ్, మహారాజా రంజిత్ సింగ్‌ని కలవడానికి వెళ్లినప్పుడు ఆయన చెల్లెలు ఎమిలీ ఈడెన్ కూడా ఉంది. ఆ ప్రయాణం మీద ఆవిడ ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. మంచి మంచి నగలు, శాలువాలు చేతికొచ్చినట్టే వచ్చి కంపెనీ లెక్కలోకి వెళ్లిపోతాయి. ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది గానీ, ఈ విషయంలో నేను రూల్ వైపే. ఆ కొట్టు లేకపోతే ప్రతి జిల్లాకీ ఒక క్లైవ్ తయారయ్యేవాడు.

అయితే పోయింది కూడా చిన్నదేం కాదు. రాజు చెయ్యి తగిలిన బట్టకి గుమస్తా వెలకట్టాడు. ఎంత తీసుకున్నామో అంత విలువకి తిరిగి ఇవ్వాలనే లెక్క మొదలైంది. బంధం కాస్తా బాకీ అయింది. చదివింపుల పుస్తకం తీసి "వాళ్లు మనకి ఐదొందల పదహార్లు రాశారు, మనమూ అంతే రాయాలి" అనుకుంటాం చూడండి, అచ్చం అదే.

దీనికి ఆపోజిట్ చూడాలంటే హైదరాబాద్ పురానీ హవేలీలో నిజాం మ్యూజియానికి వెళ్లండి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సిల్వర్ జూబిలీ ఉత్సవానికి వచ్చిన కానుకలే అక్కడ ఎక్కువ. వెండి పేటికలు, భవనాల వెండి నమూనాలు. ఎవరికీ దాటలేదు, అద్దాల వెనకే ఉండిపోయాయి.

తోషాఖానా ఇంకా బతికే ఉంది. మన దగ్గర విదేశాంగ శాఖ కింద ఉంది. 1978 నాటి నిబంధనల ప్రకారం మంత్రులు, అధికారులు విదేశీ కానుకల్ని అక్కడ చూపించాలి. 5,000 రూపాయల లోపు విలువైతే తీసుకున్నవాళ్లకే ఇస్తారు. అంతకుమించితే పై తేడా కట్టి కొనుక్కోవచ్చు, లేదంటే కొట్టుకే. పాకిస్తాన్‌లోనూ అదే పేరుతో ఉంది. 2023 ఆగస్టులో మాజీ ప్రధాని ఇమ్రాన్ ఖాన్‌కి మూడేళ్ల శిక్ష పడింది ఆ తోషాఖానా కేసులోనే. అదే నెలలో పై కోర్టు శిక్షని నిలిపేసింది. అక్కడ గొడవ గిఫ్ట్ అమ్మడం గురించి మాత్రమే కాదు, లెక్క సరిగ్గా చూపించారా లేదా అన్నది.

వచ్చే ఎపిసోడ్‌లో 1911 ఢిల్లీ దర్బారు. అక్కడ ఎవరు ఎలా వంగి దణ్ణం పెట్టారన్నది కూడా పెద్ద గొడవైంది. ఉంటానండీ.