హంటరు సంఘమున సెతల్వాడు ప్రశ్నలు

ప్రతిపక్షమువారితో వాదించుటకు రెండు మార్గములు కలవు. వారి మాటకు మన మాటను అడ్డము వేయుట ఒకటి. వారి మాటనే పట్టుకొని, అది యెంతదూరము పోవునో వారి నోటనే చెప్పించుట రెండవది. మొదటిదానికి గొంతు చాలును. రెండవదానికి ప్రశ్న కావలెను. రచ్చబండకడ తగవులు తీర్చిన పెద్దలకు ఈ భేదము నేను వివరింప నక్కఱలేదు. “తప్పు నీదే” అన్నంతమాత్రమున ఒప్పుకొనువాడు అరుదు. “ఆ రాత్రి నీ యెడ్లు ఎవరి చేనిలో నుండెను? వానిని అచటికి తోలినదెవరు?” అని ఒక్కొక్కటిగా అడుగుచు పోయినచో నిజము తనంతట తానే బయటపడును.

రాజకీయములలో ఈ పద్ధతి ఎంతవఱకు పనిచేయును, ఎచట పనిచేయదు అని తెలిసికొనుటకు మన దేశచరిత్రలో ఒక మంచి నిదర్శనము కలదు. 1919 నవంబరులో లాహోరునందును, 1920 జనవరిలో అహమ్మదాబాదునందును ఒకే న్యాయవాది ఇద్దఱిని ప్రశ్నించెను. ఆ యిద్దఱి నమ్మకములును ఆయన నమ్మకములకు విరుద్ధములే. ఒకరు జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యరు, రెండవవారు మహాత్మాగాంధి. అడిగినవారు బొంబాయి న్యాయవాదియైన సర్ చిమన్‌లాల్ సెతల్వాడు. ఆ ప్రశ్నలను గూర్చి ముచ్చటింపవలెనని నా యుద్దేశము.

ముందుగా అప్పటి పరిస్థితులను కొంచెము జ్ఞప్తికి తెచ్చుకొందము. 1919 మార్చిలో రౌలటు చట్టము వచ్చెను. విచారణ లేకయే మనుష్యులను నిర్బంధించుటకు అది ప్రభుత్వమునకు అధికార మిచ్చెను. గాంధిగారు సత్యాగ్రహము ప్రారంభించిరి. ఏప్రిల్ 10వ తేదీన అమృతసరసులో డాక్టరు కిచ్లూ, డాక్టరు సత్యపాలు అను నాయకులను ప్రభుత్వము పట్టుకొని దూరప్రాంతమునకు పంపెను. జనులు గుంపులుగా బయలుదేఱిరి, సైనికులు కాల్చిరి, పిమ్మట ఆ గుంపులు అయిదుగురు ఐరోపావారిని చంపి, బ్యాంకులను తగులబెట్టెను. షెర్‌వుడ్ అను ఉపాధ్యాయినిని ఒక సందులో దారుణముగా కొట్టిరి. ఈ దుష్కృత్యములను దాచిన చరిత్ర చరిత్ర కాదు.

ఏప్రిల్ 13వ తేదీ వైశాఖీ పండుగ. ఆ సాయంకాలము జలియన్‌వాలాబాగను ఖాళీస్థలములో వేలకొలది జనులు కూడియుండిరి. దాని చుట్టును ఇండ్ల గోడలు. బయటికిపోవు దారులు కొలది, అవియు ఇఱుకు. డయ్యరు 90 మంది సైనికులతో వచ్చెను. వారిలో 50 మందియొద్ద తుపాకు లుండెను. హెచ్చరిక యేమియు చేయకయే కాల్పుల కాజ్ఞ ఇచ్చెను. ఇంచుమించు పది నిమిషములలో 1650 తూటాలు కాల్చిరి. ప్రభుత్వము లెక్క ప్రకారమే 379 మంది చనిపోయిరి. వేయిమందివఱకు చనిపోయిరని కాంగ్రెసు విచారణ తేల్చెను. తరువాత షెర్‌వుడ్‌ను కొట్టిన సందులో పోవు భారతీయులెల్లరు ప్రాకుచు పోవలెనని డయ్యరు శాసించెను.

ఈ సంఘటనలను విచారించుటకై 1919 అక్టోబరు 14వ తేదీన ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. దాని అధ్యక్షుడు స్కాట్లండు దేశమున ప్రభుత్వ న్యాయవాదిగా నుండిన లార్డు హంటరు. అధ్యక్షునితో గూడ ఎనమండుగురు సభ్యులు. అయిదుగురు ఆంగ్లేయులు, ముగ్గురు భారతీయులు. సెతల్వాడుగాక తక్కిన యిద్దఱు భారతీయులు లక్నోకు చెందిన పండిత జగత్ నారాయణుడును, గ్వాలియరు సంస్థానమునకు చెందిన సాహెబ్‌జాదా సుల్తాన్ అహ్మదుఖానుడును. చెఱలోనున్న పంజాబు నాయకులను తాత్కాలికముగానైన విడువలేదను కారణమున కాంగ్రెసు ఈ సంఘము నెదుట పంజాబు సాక్ష్యమిచ్చుటకు నిరాకరించి, తన విచారణను తాను జరుపుకొనెను.

సెతల్వాడు మితవాది. ఆయన తిరుగుబాటుదారు కాడు, సత్యాగ్రహియు కాడు. చట్టమునకు లోబడియే క్రమముగా స్వపరిపాలన సాధింపవచ్చునని నమ్మినవాడు. బొంబాయి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడు. ఇట్టివాడు ఆ సంఘములో నుండుట ప్రభుత్వమునకు అనుకూలమనియే చాలమంది తలచియుందురు. కాని చట్టమునందు నిజముగా విశ్వాసముగలవాడు ఆ చట్టమునకు పైనున్నవారిని కూడ అడుగక మానడు.

నవంబరు 19వ తేదీన లాహోరులో డయ్యరు సాక్ష్యమిచ్చెను. ఆయన తనకు న్యాయవాదిని పెట్టుకొనలేదు. తాను చేసినది సరియే యను నమ్మకముతో నిస్సంకోచముగా సమాధానములు చెప్పెను. మొదట అధ్యక్షుడు హంటరే అడిగెను: కాల్పులు లేకుండ జనులను చెదరగొట్టుటకు వీలులేకపోయెనా? వీలుండియుండవచ్చును గాని, వారు మరల వచ్చి తనను చూచి నవ్వియుందురనియు, తాను నవ్వులపాలగుదుననియు డయ్యరు చెప్పెను. జనులు దట్టముగా నున్న తావులకే తుపాకులను త్రిప్పించితినని ఒప్పుకొనెను.

అంతట సెతల్వాడు అడిగినది యేమి? “నీవు క్రూరుడవు” అనలేదు. చనిపోయిన పసిపిల్లల కథ చెప్పి సభను కంట తడి పెట్టింపలేదు. ఒక చిన్న విషయమును పట్టుకొనెను. డయ్యరు తనతో మరతుపాకులుగల కవచపు మోటారుబండ్లను రెంటిని తెచ్చియుండెను. సందు ఇఱుకగుటచేత అవి లోనికి పోలేదు. సందు వెడల్పుగా నుండి బండ్లు లోనికి పోగలిగియున్నచో, ఆ మరతుపాకులతో కాల్పించియుందురా యని సెతల్వాడు అడిగెను. బహుశః కాల్పించియుందునని డయ్యరు చెప్పెను. అట్లయిన చనిపోయినవారి సంఖ్య ఇంకను చాల హెచ్చియుండును గదా యను ప్రశ్నకు అవుననెను.

ఈ ప్రశ్నలోని పదును ఎచట నున్నదో చూడుడు. అంతవఱకు ఎవరైనను, “అల్లరిని అణచుటకు ఎంత అవసరమో అంతే కాల్చినాడు” అని డయ్యరు పక్షమున చెప్పుటకు వీలుండెను. ఈ ఒక్క ప్రశ్నతో ఆ వీలు పోయినది. చనిపోయినవారి సంఖ్యకు పరిమితి నిర్ణయించినది జనరలు వివేకము కాదు. ఒక సందు వెడల్పు! ఈ మాట సెతల్వాడు అనలేదు. అనవలసిన అవసరము లేకపోయినది.

తరువాత ఆయన ఇంకొక మెట్టెక్కెను. మీ యుద్దేశము అమృతసరసులోనేగాక పంజాబు అంతటను భయము పుట్టించుటయేనా? పంజాబు అంతటను తిరుగుబాటుదారుల ధైర్యమును తగ్గింపదలచితినని సమాధానము. ఇట్టి భీకరకార్యముచేత అసంతృప్తి లోతుగా నాటుకొని బ్రిటిషు పరిపాలనకే గొప్ప అపకారము జరుగునని మీకు తోచలేదా? అది తన విధి యనియు, ఘోరమైన విధి యనియు, జనులకు మేలే చేయుచున్నానని తలచితిననియు సమాధానము. ఆంగ్ల సభ్యుడైన న్యాయమూర్తి రాంకిను కూడ ఇది భయపెట్టి యేలుట కాదా యని అడుగకుండ ఉండలేకపోయెను. గాయపడినవారికి చికిత్స యేమైన ఏర్పఱచితిరా యన్నపుడు, అది తన పని కాదనియు, ఆసుపత్రులు తెఱచియేయుండెననియు డయ్యరు చెప్పెను. నిషేధాజ్ఞలచేత రాత్రి ఇల్లు కదలుటకే వీలులేని పట్టణమది!

ఇపుడు కథ రెండవ భాగము. 1920 జనవరి 9వ తేదీన అహమ్మదాబాదులో గాంధిగారు ఇదే సంఘము నెదుట సాక్ష్యమిచ్చిరి. గడచిన ఏప్రిలులో తన నిర్బంధవార్త విని ఆ పట్టణములో జనులు గృహదహనములకును హత్యలకును పాల్పడిరి. సెతల్వాడునకు సత్యాగ్రహమునందు నమ్మకము లేదు. లాహోరులో డయ్యరు నెదుట పట్టిన కత్తినే ఇచట గాంధిగారి నెదుటను పట్టెను. సత్యమును అనుసరింపవలెనని మీరందురు. ఏది సత్యమో నిర్ణయించువారెవరు? ఎవరికి వారే యని సమాధానము. అట్లయిన ఒక్కొక్కరికి ఒక్కొక్క సత్యము తోచును గదా. దానివలన గందరగోళము పుట్టదా? పుట్టదని గాంధిగారు చెప్పిరి. సత్యమును వెదకుట ప్రతివానికిని వేఱువేఱుగానే యుండును. కనుకనే అహింస దానితో విడదీయరానిదైనది. అహింస లేనిచో గందరగోళమేగాదు, అంతకంటె చెడ్డదియు కలుగునని వారి భావము.

సెతల్వాడు అంతటితో వదలలేదు. సత్యమును నిర్ణయించుటకు గొప్ప నీతియు బుద్ధియు కావలదా? అవి యందఱియందును ఉండునని ఆశింపలేమని గాంధిగారు ఒప్పుకొనిరి. అట్లయిన ఒకడు నిర్ణయింపగా తక్కినవారు గ్రుడ్డిగా అతని వెంటబోవుటయే గదా? గ్రుడ్డిగా కాదు, స్వయముగా వెదకలేనివాడు వెదకి కనుగొన్నవానిని అనుసరింపవలసియుండునని సమాధానము.

ఈ రెండు సాక్ష్యములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినపుడు నాకు తోచిన దిది. ఒకే గీటురాయి, రెండు లోహములు. డయ్యరు నమ్మకము ప్రశ్నకు తగిలినకొలదియు తన కఱకుదనమును బయటపెట్టుకొనెను. గాంధిగారి నమ్మకము ప్రశ్నకు తగిలినకొలదియు స్పష్టపడెను. కాని దానిలోని బలహీనతయు దాగలేదు. 1922 ఫిబ్రవరి 5వ తేదీన చౌరీచౌరాలో జనులు పోలీసుస్టేషనును తగులబెట్టి, అందలి పోలీసులను చంపినపుడు, సెతల్వాడు అడిగిన గందరగోళము కన్నుల యెదుట నిలిచెను. గాంధిగారు ఆ నెల 12వ తేదీన బార్డోలీలో ఉద్యమము నాపించిరి. అహింస విడిపోయినచో కలుగునది యేమో తాము చెప్పియుండిరి. ఆ మాటకు కట్టుబడిరి. అనుచరులలో ఎందఱో నొచ్చుకొనినను వెనుదీయలేదు.

మఱి ప్రశ్న డయ్యరును మార్చెనా? మార్చలేదు. 1920లో ఆర్మీ కౌన్సిలునకు వ్రాసికొన్న వాఙ్మూలమునను తన చర్యను సమర్థించుకొనెను. లాహోరునుండి మరలిపోవు రైలుపెట్టెలో, అమృతసరసు పట్టణమంతయు తన దయమీద ఆధారపడియుండెనని గొప్పలు చెప్పుకొనుట తాను పై పడకనుండి వింటినని జవాహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథలో వ్రాసెను. ఇంగ్లండులో ప్రభువుల సభ 1920 జులైలో 129 వోట్లకు 86 వోట్ల చొప్పున డయ్యరునకు అన్యాయము జరిగినదని తీర్మానించెను. ఒక పత్రిక ఆయనకై 26 వేల పౌనులకు పైగా చందా వసూలుచేసెను. సంఘములోనే చీలిక వచ్చెను. ఒకనాడు హంటరు కోపగించి, మీరు ఆంగ్లేయులను దేశమునుండి తఱుమగోరుచున్నారని నిందింపగా, పరపాలన వలదనుట న్యాయమే యనియు, మీవంటి అసహనముగలవారు ప్రతినిధులైనపుడే తఱుమవలసివచ్చుననియు తాను బదులు చెప్పితినని సెతల్వాడు 1946లో ప్రకటించిన తన స్మృతులలో వ్రాసెను. పిమ్మట భారతీయ సభ్యులు హంటరుతో మాటలు మానిరి.

అయినను ప్రశ్నలు వ్యర్థము కాలేదు. అధికసంఖ్యాకులైన ఆంగ్లసభ్యుల నివేదికయు, అల్పసంఖ్యాకులైన భారతీయుల నివేదికయు డయ్యరును తప్పుపట్టెను; రెండింటికిని ముఖ్యాధారము ఆయన స్వంత సమాధానములే. 1920 మార్చిలో ఆయన ఉద్యోగము పోయెను. దేశములో మితవాదులకును ఆ సమాధానములు చదివినపిమ్మట పాత నమ్మకము నిలువలేదు. పంజాబు అన్యాయము సహాయనిరాకరణోద్యమమునకు ముఖ్యకారణములలో నొకటి యయ్యెను. ఆ యుద్యమమునకై కోటి సభ్యులను, కోటి రూపాయల నిధిని, ఇరువది లక్షల రాట్నములను సమకూర్పవలెనని అఖిలభారత కాంగ్రెసు సంఘము తీర్మానించినది మన బెజవాడలోనే, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో.

దీనినిబట్టి పదునైన ప్రశ్న దేనికొఱకో మనకు తెలియుచున్నది. అది ప్రత్యర్థిని అవమానించుటకు కాదు. అవమానింపబడినవాడు తన మాటను మఱింత గట్టిగా పట్టుకొనును. అతనిని ఒప్పించుటకును కాదు. అందఱి యెదుట ఓడితినని చెప్పుకొనువాడు నూటికొక్కడు. అతడు దేనిని నమ్మియున్నాడో అది వినువారికి అరమఱిక లేకుండ తెలియుటకు. తీర్పు చెప్పవలసినవారు వినువారు. కావుననే అడుగువాడు సమాధానమునకు ఎడమియ్యవలెను. నడుమ అందుకొని అఱచినచో వినువారికి దక్కున దేమియు లేదు.

ఇంకొకటి కలదు, అన్నిటికంటె కష్టమైనదియు అదియే. సెతల్వాడు తాను ద్వేషింపదగినవానిని అడిగినంత నిశితముగా, దేశమంతయు పూజించుచున్న మహాపురుషుని కూడ అడిగెను. గాంధిగారు దానికి కోపింపలేదు. మన ఊళ్లలో వోట్ల సమయమున ఎదుటి కక్షి నాయకుని అడుగుటకు నూఱు ప్రశ్నలు సిద్ధముగా నుండును. మన పక్షపు నాయకుని అడుగుటకు ఒక్కటియు దొరకదు. ఆ ఒక్కటి దొరకిన నాడు మన నూఱు ప్రశ్నలకును విలువ యేర్పడును.