చెదిరిన లంకెలు, మిగిలిన సంఖ్యలు: డి.ఎల్.ఐ. తెలుగు గ్రంథాలు

రాజ్‌రెడ్డి ప్రేరణతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం చేపట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భారతీయ భాగమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సమన్వయంతో హైదరాబాదు మొదలైన కేంద్రాలలో స్కాన్ అయిన వేలాది తెలుగు గ్రంథాలు ఇందులో చేరాయి. పరిశోధకులూ తెలుగు వికీపీడియా రచయితలూ ఆ లంకెలనే ఆధారాలుగా చూపారు.

తొలినాళ్ల లంకెలలో గ్రంథాన్ని గుర్తించేది బార్‌కోడ్ సంఖ్య. వెబ్‌సైటు కొత్త వ్యవస్థకు మారినప్పుడు ప్రతి గ్రంథానికీ 2015తో మొదలయ్యే మరొక సంఖ్య వచ్చింది. కాలక్రమంలో ఆ వెబ్‌సైటే అందుబాటులో లేకుండా పోయింది. ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరడంతో గ్రంథాలు దక్కాయి. వాటిని సూచించిన లంకెలు మాత్రం పనికిరాకుండా పోయాయి.

శీర్షికతో వెతకడం అంత తేలిక కాదు. తెలుగు పేర్లను రోమన్ లిపిలో ఒక పద్ధతి లేకుండా, తరచు తప్పులతో నమోదు చేశారు. గుర్తులు లేని రోమన్ లిపిలో కల, కళ, కాల అనే మూడింటికీ ఒకే రూపం రాగలదు. అదృష్టవశాత్తు ఆర్కైవ్ వివరాలలో పాత బార్‌కోడ్ కూడా నిలిచింది. అందువల్ల లంకెను పూర్తిగా ఉదహరించిన సిద్ధాంతవ్యాసాల ఆధారాలను నేటికీ సరిచూడవచ్చు. 'డి.ఎల్.ఐ. ప్రతి' అని మాత్రమే రాసినచోట ఆ అవకాశం తక్కువ. ఒకే కావ్యానికి పలు ముద్రణలు స్కాన్ అయి ఉంటే, ఉదహరించిన పుట ఏ ముద్రణలోనిదో తేల్చడం కష్టం. పాఠపరిష్కరణలో ఇది చిన్న లోపం కాదు.