అరికమేడు కుండపెంకులు, ఆంధ్ర స్తూపాల తేదీలు

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది సముద్రాన్ని చేరడానికి ముందు వంపు తిరిగే చోట, మామిడి, కొబ్బరి చెట్ల నీడలో ఒక మెరక నేల ఉన్నది. ఇదే అరికమేడు. తమిళంలో ‘మేడు’ అంటే తెలుగువారి మిట్ట. నది కోతకు గురవుతున్న మిట్ట కనుక ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. ‘అరుగన్ మేడు’ అన్నదే అరికమేడుగా మారిందని మరొకటి. అరుగన్ అన్న మాట అర్హత శబ్దభవం. తమిళంలో ప్రధానంగా జినునికీ, అరుదుగా బుద్ధునికీ వర్తిస్తుంది. రెండవ వ్యుత్పత్తి బౌద్ధాభిమానులకు ప్రీతికరమే. అయితే ఊరి పేరు ఒక్కటే ఆధారంగా విహారాన్ని ఊహించడం చరిత్ర అనిపించుకోదు.

తోపులోకి అడుగుపెట్టిన సందర్శకునికి కనిపించేది స్వల్పం. పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి మతప్రచారకుల భవనం తాలూకు మొండిగోడలు, చెట్లు, ఇసుక కలిసిన మట్టి, నదీతీరం, అంతే. 1945లో తవ్విన కందకాలు ఎప్పుడో పూడిపోయాయి. భూమిలోంచి వెలికివచ్చిన వస్తువులను చూడాలంటే పట్టణంలోని భారతి పార్కు దగ్గర ఉన్న మ్యూజియానికి వెళ్లాలి. చెట్ల నడుమ, తెల్లని ఆయి మండపానికి చేరువలో ఉన్న ఈ మ్యూజియంలో పల్లవ, చోళ శిల్పాలు, కంచు విగ్రహాలు, ఫ్రెంచివారి గృహోపకరణాలు, పల్లకీలు, మనుషులు తోసే బండి ఉన్నాయి. డూప్లెక్స్ శయనించినదని చెప్పే మంచం ముందు జనం ఎక్కువసేపు ఆగుతారు. అరికమేడు పెంకులున్న గాజుబీరువాలను త్వరగా దాటిపోతారు. విరిగిన కుండముక్క మంచంవలె తన కథను తానే చెప్పుకోలేదు గనుక ఆ తొందరను తప్పుపట్టలేము. కాని అమరావతి, శాలిహుండం, ధరణికోటల చరిత్రను పరిశోధించేవారు ఆ బీరువాల ముందే ఆగవలసి ఉంటుంది. కారణం ముందు తెలుస్తుంది.

అరికమేడును మొదట గమనించిన యూరోపియన్ పురావస్తు పండితుడు కాడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు. గియోమ్ లె జాంతీ అనే ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రవేత్త 1761లో సూర్యబింబం మీదుగా శుక్రుని సంక్రమణాన్ని పుదుచ్చేరి నుంచి చూడాలని బయలుదేరాడు. పట్టణం ఆంగ్లేయుల వశం కావడంతో సముద్రంమీదనే చిక్కుకొని ఆ అవకాశం కోల్పోయాడు. తరువాతి సంక్రమణానికి ఎనిమిదేళ్లు నిరీక్షించి 1769 జూన్ నాటికి పుదుచ్చేరిలో సిద్ధంగా కూర్చుంటే ఆ ఉదయం మబ్బు కమ్మింది. ఆకాశం నిరాశపరచినా ఆయన నేలను శ్రద్ధగా పరిశీలించాడు. వీరాంపట్నం పరిసరాలలో నదీతీరాన ప్రజలు పెద్దపెద్ద పాత ఇటుకలు తవ్వి తీస్తున్నారనీ, అక్కడ పూర్వం వీరరాఘవన్ అనే రాజు ఉండేవాడని చెప్పుకొంటున్నారనీ నమోదు చేశాడు. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. ఆ ప్రాంతంలో ఆసీనమైన ఒక నల్లరాతి విగ్రహాన్ని చూసి, అది సియాం దేశస్థులు పూజించే మూర్తిని పోలి ఉన్నదని ఆయన గుర్తించాడు. విచారించగా స్థానికులు అది ‘బౌతు’ విగ్రహమనీ, ఇప్పుడు దానికి పూజలు లేవనీ చెప్పారు. భారతదేశంలో బుద్ధుడనేవాడు ఒకడున్నాడన్న స్పృహ యూరపు పండితులలో ఇంకా సరిగా కలగని కాలమది. అటువంటి కాలంలో సియాం బుద్ధునికీ తమిళదేశపు శిలాప్రతిమకూ సంబంధాన్ని కళ్లతో పట్టుకున్నవారిలో లె జాంతీ ఒకడు.

సియాం ప్రస్తావన కాకతాళీయం కాదు. ఆ సంవత్సరాలలోనే, సియాం రాజధాని అయుథియా బర్మా సైన్యాల చేతిలో నేలమట్టమైన తరువాత అక్కడి ఫ్రెంచి మతప్రచారకుల విద్యాలయం చోటు వెతుక్కుంటూ తీరాలు దాటి వీరాంపట్నం చేరింది. ఆసియాకు చెందిన యువకులు అక్కడ చదివేవారు. నేడు తోపులో నిలిచిన మొండిగోడలు ఆ విద్యాలయానివే. రెండువేల ఏళ్ల క్రితం ఆగ్నేయాసియాకు పూసలు పంపిన రేవులో ఆగ్నేయాసియా నుంచి తరలివచ్చిన శరణార్థులు పాఠాలు వల్లించారన్నమాట.

అరికమేడుకు సమీపంలోని కాక్కాయన్‌తోపులో నేటికీ ఒక ఆసీన బుద్ధప్రతిమ ఉన్నది. లె జాంతీ చూసినది ఇదేనని పలువురు భావించారు. దీనిని చూపి అరికమేడు బౌద్ధక్షేత్రమనే వాదన అప్పుడప్పుడు వినవస్తుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. తమిళదేశంలో లభించిన శిలాబుద్ధ ప్రతిమలలో అధికభాగం చోళుల నాటివి. రోమన్ వర్తకుల కాలానికీ వాటికీ నడుమ శతాబ్దాల దూరమున్నది. అరికమేడు తవ్వకాలలో ఇంతవరకు స్తూపం కాని విహారం కాని బయటపడలేదు. కావేరీపట్టణంలో పరిస్థితి వేరు. అక్కడ 1960లలో జరిగిన తవ్వకాలలో ఇటుకల విహారమూ బుద్ధపాదమూ స్పష్టంగా దొరికాయి. కనుక అరికమేడుకు బౌద్ధ చరిత్రలో ఉన్న ప్రాముఖ్యాన్ని విగ్రహంలో కాక వేరే చోట వెతకాలి.

ఆ వెతుకులాటలో మొదటి పేరు గాబ్రియేల్ జూవో దుబ్రోయ్. పుదుచ్చేరి కళాశాలలో ఆచార్యుడైన ఈయన పల్లవ శిల్పంమీద చేసిన కృషి సుప్రసిద్ధం. కృష్ణాతీరపు బౌద్ధ స్థలాలలో ఆయన తిరిగిన సంగతి మాత్రం అరికమేడు ప్రసంగంలో అంతగా గుర్తుకురాదు. అప్పటి గుంటూరు జిల్లా గోలి గ్రామపు స్తూపశిల్పాలు 1926లో వెలుగుచూసినది ఆయన వల్లనే. నాగార్జునకొండనూ ఆ రోజుల్లోనే దర్శించాడు. ఆయన చేతుల మీదుగా కొన్ని ఆంధ్ర శిల్పాలు పారిస్‌లోని గీమె మ్యూజియానికి చేరాయి. పరిశోధకుని చూపూ సేకర్త ఆశా ఒకే మనిషిలో కలిసిన కాలమది. దానిని మెచ్చుకోవడమూ కష్టమే, పూర్తిగా తోసిపుచ్చడమూ కష్టమే. వానలు పడ్డాక మెరకమీద దొరికే రంగురాళ్లను, పూసలను ఊరిపిల్లలు ఏరి ఆయనకు తెచ్చిచ్చేవారు. 1937లో వాటిలో శిరోరూపం చెక్కిన ఒక రత్నశిల కనిపించింది. అది రోమన్ చక్రవర్తి ఆగస్టస్ ముఖమని ఆయన అభిప్రాయపడ్డాడు. తరువాత 1940లలో ఫోషో, సుర్లో అనే ఇద్దరు ఫ్రెంచివారు అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికినవాటిలో కొన్ని పుదుచ్చేరి గ్రంథాలయానికి, కొన్ని హనోయికి, కొన్ని మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. ఒకే నేలలో పుట్టిన వస్తువులు ఇలా మూడు దిక్కులకు చెదిరిపోయాయి.

మద్రాసు మ్యూజియం బీరువాలో పడి ఉన్న పొడవాటి కూజా మెడ ఒకటి 1944లో భారత పురావస్తుశాఖ అధిపతి మార్టిమర్ వీలర్ కంటబడింది. మధ్యధరా ప్రాంతంలో ద్రాక్షసారా, నూనె నింపే ఆంఫోరా అది. ఎక్కడిదని అడిగితే అరికమేడు అన్నారు. వెంటనే పుదుచ్చేరి వెళ్లి గ్రంథాలయంలోని పెంకులు చూసిన వీలర్, 1945 వేసవిలో స్వయంగా తవ్వకం చేపట్టాడు. ఇటలీలో తయారైన, కుమ్మరి ముద్రలున్న ఎర్రని అరెటైన్ పాత్రల ముక్కలు దొరికాయి. అవి క్రీ.శ. తొలి దశాబ్దాలవని యూరపులో అప్పటికే నిర్ధారితమై ఉన్నది. వాటితోపాటు అదే పొరలలో దేశీయ పాత్రలూ ఉన్నాయి. తేదీ తెలిసిన విదేశీ పాత్ర పక్కన తేదీ తెలియని దేశీయ పాత్ర పడి ఉంటే రెండవదాని కాలమూ తెలిసినట్లే. వీలర్ చేసిన అసలు పని ఇదే. 1946లో ‘ఏన్షియెంట్ ఇండియా’ రెండవ సంచికలో ప్రకటించిన నివేదిక దక్షిణ భారతమంతటికీ కాలాన్ని కొలిచే మానదండమై కూర్చున్నది.

ఆ దేశీయ పాత్రలలో ప్రధానమైనది రౌలెటెడ్ పళ్లెం. నున్నని బూడిదరంగు, నలుపు మట్టితో చేసిన వెడల్పాటి పళ్లెం అడుగున, లోపలివైపు, సన్నని గాట్లు వలయాలుగా ఉంటాయి. అరికమేడులోనే కాక అమరావతిలో, శాలిహుండంలో, నెల్లూరు తీరపు కొత్తపట్నంలో, బెంగాలులోని చంద్రకేతుగఢ్‌లో, సింహళంలోని అనురాధపురంలో, చివరికి బాలి ద్వీపంలోని సెంబిరాన్‌లో కూడా ఇది దొరికింది. ఈ అలంకరణ మధ్యధరా పద్ధతి నుంచి వచ్చిందని వీలర్ తలచాడు. అందువల్ల ఇది రోమన్ వర్తకంతో మొదలైందనీ, ఎక్కడ కనిపిస్తే అక్కడి పొర క్రీస్తుశకారంభపు రోజులదనీ ఒక సూత్రం స్థిరపడింది. ఆంధ్రలో ఏ స్తూపం చెంత ఈ పెంకు దొరికినా ఆ కట్టడం తేదీ క్రీ.శ. మొదటి శతాబ్దం దరిదాపులకు జరిగేది. భట్టిప్రోలు వంటి చోట్ల ధాతుకరండాల మీది బ్రాహ్మీ లిపి స్వతంత్ర సాక్ష్యం ఇచ్చింది గనుక సరిపోయింది. శాసనం లేని దిబ్బలకు మాత్రం పెంకే శాసనమైంది.

ఈ సూత్రాన్ని కదిల్చినది విమలా బెగ్లీ. 1989 నుంచి 1992 వరకు ఆమె ఆధ్వర్యంలో అరికమేడులో మళ్లీ తవ్వకాలు జరిగాయి. ఫలితాలు 1996లో, 2004లో రెండు సంపుటాలుగా వచ్చాయి. రోమన్ ఓడలు రాకముందే అక్కడ జనావాసమూ వర్తకమూ ఉన్నాయనీ, రౌలెటెడ్ పాత్రలు క్రీ.పూ. రెండవ శతాబ్దానికే, బహుశా ఇంకా ముందే, వాడుకలో ఉన్నాయనీ ఆమె వాదించింది. వీలర్ భావించినట్లు రేవు క్రీ.శ. రెండవ శతాబ్దంలో అంతరించలేదనీ, మధ్యయుగంలో కూడా జనం అక్కడ మసలారనీ తేలింది. అనురాధపురపు తవ్వకాలు పాత్రల ప్రాచీనత విషయంలో ఆమెనే సమర్థించాయి. అనురాధపురం, అరికమేడు పెంకుల మీద 2005లో ప్రకటితమైన రసాయన పరీక్ష ఈ పళ్లేల మట్టి దక్షిణాసియాదేనని, ఒకే రకపు భూగర్భ మూలానికి చెందినదని చెప్పింది. అది గంగా ముఖద్వారపు మట్టి అని కొందరు. ఆ వివాదం ముగియలేదు. మధ్యధరా మూలం మాత్రం ఇక నిలవదు.

దీని పర్యవసానం ఆంధ్ర బౌద్ధ చరిత్రకు చిన్నది కాదు. పెంకును రోమన్ కొలత నుంచి విడదీస్తే, దాని ఆధారంగా తేదీ కట్టిన ప్రతి పొరనూ మళ్లీ చూడవలసి వస్తుంది. శాలిహుండం నివేదికగాని, ఇటుకల రేవుగోడ బయటపడిన ధరణికోట తవ్వకంగాని 1960ల నాటివి, అంటే వీలర్ కాలక్రమం ప్రశ్నకు అతీతంగా ఉన్న రోజులవి. తూర్పుతీరపు సంఘారామాలు రోమన్ బంగారం వల్ల వర్ధిల్లాయన్న మాట పాఠ్యపుస్తకాలలో నేటికీ వినిపిస్తుంది. బెంగాలు నుంచి సింహళం దాకా తీరం వెంట సాగిన దేశీయ వర్తకం అంతకుముందే ఉన్నదంటే, భిక్షువులు నడిచిన దారిని రోమన్ నాణెం వేయలేదని ఒప్పుకోవాలి. అరికమేడు పెంకుల మీద తమిళ బ్రాహ్మీతోపాటు ప్రాకృత లేఖనాలూ ఉండడం ఈ తీరవర్తకానికి మరో సాక్ష్యం.

మ్యూజియంలో పెంకుల పక్కనే పూసలు ఉంటాయి. కురువిందం, అకీకు, స్ఫటికం, గార్నెట్ వంటి రాళ్లవి కొన్ని, ఆవగింజంత గాజువి మరెన్నో. అరికమేడులో సగం చెక్కిన రాళ్లు, గాజు తుక్కు దొరికాయి కనుక ఇవి అక్కడే తయారయ్యాయనడంలో సందేహం లేదు. ఈ చిన్న గాజుపూసలను పరిశోధించిన పీటర్ ఫ్రాన్సిస్ వీటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టాడు. సింహళంలోని మాంతై, థాయిలాండులోని క్లాంగ్ థొమ్, వియత్నాంలోని ఓక్ ఏవో రేవులలో ఇదే పద్ధతి కనిపించింది. పూసలే కాక పూసలు చేసేవారు కూడా తరలివెళ్లారని ఆయన ఊహ.

ఆ పద్ధతి ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఫ్రాన్సిస్ వెళ్లినది శ్రీకాళహస్తికి సమీపంలోని పాపానాయుడుపేటకు. అక్కడ కొలిమిలో కరిగిన గాజుముద్దను ‘లాడ’ అనే ఇనుప గొట్టానికి పట్టించి, దాని మధ్య బోలు చేసి, కొలిమి రెండవవైపు నుంచి మరొకరు ఆగకుండా లాగేవారు. గాజు సన్నని గొట్టమై సాగేది. దానిని చిన్న ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్లీ కాచితే అంచులు గుండ్రమై పూసలు సిద్ధమయ్యేవి. అరికమేడులో దొరికిన గాజు తుక్కు ఆకారాలను ఈ పనితోనే ఫ్రాన్సిస్ పోల్చి అర్థం చేసుకున్నాడు. పుదుచ్చేరి తీరాన మట్టిలో కలిసిన విద్యకు జీవించి ఉన్న నిఘంటువు తెలుగు పల్లెలో దొరికిందన్నమాట. అమరావతి, భట్టిప్రోలు వంటి స్థలాల పూసలను ఈ పనితనం తెలిసిన కళ్లతో పోల్చిచూసే అధ్యయనం ఇంకా విస్తృతంగా జరగవలసి ఉన్నది.

అరికమేడు తోపు నేడు కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది. వానాకాలంలో నది ఒడ్డును కోస్తూనే ఉంటుంది. కోతపడిన గట్టులో పాత ఇటుకల వరుసలు, వాటి కింద పెంకులు, పెంకుల నడుమ పూసలు అప్పుడప్పుడు తేలుతుంటాయి. జూవో దుబ్రోయ్ రోజులలోవలె వాటిని ఏరేవారు ఇప్పటికీ ఉన్నారు. ఏ పొర నుంచి రాలిందో తెలియని పూస అందమైన పూసగానే మిగులుతుంది. పొరతో కలిపి నమోదైన పూస మాత్రం కృష్ణాతీరపు ఒక స్తూపానికి తేదీ చెప్పగలదు.