మాచ్‌నూరు అక్కల రేడియో: మన గొంతు పెట్టెలోకి చేరిన కథ

ఈ నివేదికలో పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు చదివిన సభ్యులకు లెక్కలు కాని ఒక ముచ్చట చెప్పాలని మేము అనుకున్నాం. అది సంఘం ఆడవాళ్లు నడిపిన రేడియో చరిత్ర. కోడేరు నుంచి చూస్తే జహీరాబాద్ దూరమే. అయినా మన మీటింగుల్లో మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వినపడతది. రేడియోలో కూడా అదే లెక్క.

హైదరాబాద్‌లో నిజాం సర్కారు దక్కన్ రేడియో 1935లో మొదలైంది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. తర్వాత చాలా ఏండ్లు పల్లె ఆడవాళ్లు రేడియో వినేవాళ్లే కానీ, నడిపేవాళ్లు కాదు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. అప్పుడు ఒక దారి కనపడింది.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు అప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. జొన్న, కొర్ర వంటి పాత విత్తనాలను కాపాడుకుంటున్నవాళ్లు. యునెస్కో సాయంతో 1998లో వాళ్లకు స్టూడియో వచ్చింది కానీ లైసెన్సు రాలేదు. ఊరుకోలేదు. పాటలు, సాగు ముచ్చట్లు క్యాసెట్ల మీద రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో టేపురికార్డర్ పెట్టి వినిపించిన్రు. పదేండ్లు అట్లనే గడిచింది.

2002లో ప్రభుత్వం చదువుల సంస్థలకు మాత్రమే అనుమతి ఇచ్చింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా యూనివర్సిటీ రేడియో మొదలైంది. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కూడా తలుపు తెరిచిన్రు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వచ్చింది. ఆ రోజే ఐక్యరాజ్యసమితి మొదటిసారి గ్రామీణ మహిళల దినం జరిపింది.

లైసెన్సు వచ్చినంత మాత్రాన గొంతు అందరికీ చేరదు. సముదాయ రేడియోకి బలం మామూలుగా 100 వాట్లు, టవర్ ఎత్తు 30 మీటర్లు దాటొద్దని నియమం ఉంది. బలం ఇష్టమొచ్చినట్టు పెంచుకునే వీలు లేదు. కాబట్టి మాట తేటగా వినపడాలంటే, ట్రాన్స్‌మిటర్‌లోకి ఆడియో ఎట్లా పోతుందో చూసుకోవాలి. ఈ పని ఎట్లుంటదో మన అక్కలకు అర్థమయ్యేటట్టు రాస్తున్నాం.

మైకు నుంచి వచ్చే కరెంటు చాలా చిన్నది, వోల్టులో వెయ్యో వంతుల లెక్క. మిక్సర్ దాన్ని పెంచి సుమారు ఒక వోల్టుకు తెస్తది. దీన్ని లైన్ లెవెల్ అంటారు. ట్రాన్స్‌మిటర్ వెనక ఆడియో ఇన్‌పుట్ ఈ లైన్ లెవెల్ కోసమే. మైకు వైరును నేరుగా అందులో పెడితే గొంతు పీలగా, వెనక గుర్రుమనే చప్పుడుతో వస్తది.

ఎఫ్‌ఎం‌లో గొంతు బలాన్ని బట్టి తరంగం ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగుతది. ఆ ఊపు 75 కిలోహెర్ట్జ్ దాటొద్దు. దాటితే మాట పగిలిపోతది, పక్క స్టేషన్‌కు అడ్డం పడతది. మరీ తగ్గిస్తే వినేవాళ్లు రేడియో సౌండు ఎంత పెంచినా బరబర మాత్రమే పెరుగుతది. అందుకని ఊరికే ‘హలో, హలో’ అని చూసి లెవెల్ పెట్టొద్దు. బతుకమ్మ పాట గట్టిగా ఎత్తుకునే అక్కను పాడించి, మీటరు ఎర్ర గీతకు లోపలే ఉండేటట్టు పెట్టాలి. లిమిటర్ ఉంటే, ఒక్కసారి ఎగిసే గొంతును అది ఆపుతది. మెల్లగా మాట్లాడే ముసలవ్వ వచ్చినప్పుడు మైకు దగ్గరికి జరపాలి, మిక్సర్‌లో ఆమె మైకు పెంచాలి. ట్రాన్స్‌మిటర్ ఇన్‌పుట్ జోలికి పోవద్దు.

ఇంకో మూడు సంగతులున్నాయి. సన్న ధ్వనుల కోసం ప్రీ-ఎంఫసిస్ అని ఉంటది. మన దేశంలో 50 మైక్రోసెకండ్లు, అమెరికాలో 75. మన దగ్గర 75 మీద పెడితే ‘స’, ‘ష’ గీరుకుపోయినట్టు వినపడతాయి. మాటల కార్యక్రమానికి మోనో చాలు, దూరంలో కూడా చప్పుడు తక్కువ. ఇక మిక్సర్, ట్రాన్స్‌మిటర్ రెండింటి ఎర్తు ఒక్కచోటే కలపాలి, ఆడియో వైరు కరెంటు వైరుకు ఎడంగా పోవాలి. లేకపోతే గుర్రు ఆగదు.

మాచ్‌నూరు అక్కలు గాలిలోకి రాకముందే పదేండ్లు రికార్డింగు చేసి ఉన్నరు. అందుకే లైసెన్సు వచ్చిన రోజు వాళ్లు కొత్తవాళ్లు కాదు. హక్కు ఢిల్లీ నుంచి వచ్చింది, పని వాళ్ల చేతుల్లోనే ఉండె.

మన మండల సమాఖ్యకు రేడియో లేదు, మైకు సెట్టు ఉంది. మహాసభలో దాని దగ్గర కూర్చునేది ఎప్పుడూ బయటివాళ్లే. వచ్చే ఏడాది ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు సభ్యులు మిక్సర్ నేర్చుకోవాలని ఈ వ్యాసం ద్వారా అడుగుతున్నాం. వెనక వరసలో మెల్లగా మాట్లాడే సభ్యురాలి మాట ముందు వరసకు చేరాలంటే, ఆ మీట తిప్పే చేయి మనదై ఉండాలి.